హెలికాప్టర్ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్: శిక్షణా ఎండలోనే, పరీక్షా ఎండలోనే

హెలికాప్టర్ శిక్షణ కోసం అమెరికా వెళ్లాలనుకునే విద్యార్థికి, ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఒక అనుమానం రావడం సహజం. మబ్బుల్లో, పొగమంచులో పరికరాలను మాత్రమే చూసి నడపడం నేర్పే కోర్సుకే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అని పేరు. చాలా స్కూళ్లు మాత్రం విద్యార్థిని ఒక్క మబ్బులోకి కూడా తీసుకెళ్లవు. నిర్మలమైన ఆకాశంలోనే పాఠాలు చెప్పి, అలాంటి ఆకాశంలోనే పరీక్ష పెట్టి రేటింగ్ ఇప్పిస్తాయి. ఇందులో మోసమేమీ లేదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనలే దీనికి వీలు కల్పిస్తున్నాయి.

కారణం హెలికాప్టర్‌లోనే ఉంది. శిక్షణలో ఎక్కువగా కనిపించే రాబిన్సన్ ఆర్22, ఆర్44 తేలికపాటి సింగిల్ ఇంజిన్ యంత్రాలు. మబ్బుల్లోకి వెళ్లే హెలికాప్టర్‌కు స్థిరత్వం, పరికరాలు, విద్యుత్ వ్యవస్థ ఎలా ఉండాలో ఎఫ్ఏఏ నిబంధనల పార్ట్ 27లో ప్రత్యేక అనుబంధమే ఉంది. ఈ చిన్న యంత్రాలకు ఆ ఆమోదం లేదు. ప్యానెల్‌లో శిక్షణకు కావలసిన పరికరాలన్నీ బిగించినా, బయటి దృశ్యం కనిపించే వాతావరణంలోనే ఎగరాలి.

మరి గంటలు ఎలా లెక్కకొస్తాయి? ఎఫ్ఏఏ నిబంధన 61.65 ప్రకారం 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం కావాలి. అది నిజమైన మబ్బుల్లోనైనా కావచ్చు, కృత్రిమంగా కళ్లకు అడ్డు పెట్టుకున్నదైనా కావచ్చు. అందులో 15 గంటలు హెలికాప్టర్ ఇన్‌స్ట్రుమెంట్ అర్హత ఉన్న శిక్షకుడి దగ్గర నేర్చుకోవాలి. దీనికి తోడు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే బాధ్యత వహించే పైలట్‌గా, 50 గంటల క్రాస్ కంట్రీ (ఒక చోటి నుంచి మరో చోటికి) అనుభవం, అందులో 10 గంటలు హెలికాప్టర్‌లో ఉండాలి. పార్ట్ 141 కింద ఆమోదం పొందిన స్కూళ్లలో శిక్షణ 35 గంటలతో పూర్తి కావచ్చు. ఫ్లైట్ ప్లాన్ దాఖలు చేసి 100 నాటికల్ మైళ్ల ప్రయాణం, పరికరాల సాయంతో దిగే మూడు రకాల అప్రోచ్‌లు చేయడం కూడా తప్పనిసరి.

కళ్లకు పెట్టే అడ్డును హుడ్ అంటారు. టోపీ అంచులా ముందుకు పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ రేకు, లేదా పైభాగం మసకగా ఉండే కళ్లద్దాలు. అది పెట్టుకున్నాక ప్యానెల్ తప్ప దాదాపు మరేమీ కనిపించదు. ఆర్44లో పైలట్ కుడి సీటులో కూర్చుంటాడు, కుడి చేయి సైక్లిక్ (హెలికాప్టర్‌ను వంచి దిశ మార్చే కర్ర) మీద ఉంటుంది. ఆ చేయి వదిలితే యంత్రం తనంతట తాను నిటారుగా ఉండదు. రేడియో ఫ్రీక్వెన్సీ మార్చాలన్నా, ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ కేంద్రం) చెప్పింది మోకాలి మీది కాగితంపై రాసుకోవాలన్నా ఎడమ చెయ్యే దిక్కు. విమానంలో నేర్చుకున్నవారికి ఈ కష్టం తెలియదు.

విద్యార్థికి బయట కనిపించదు కాబట్టి రెండో సీటులో సేఫ్టీ పైలట్ ఉండి తీరాలని నిబంధన 91.109 చెబుతోంది. అతనికి కనీసం ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్, హెలికాప్టర్ రేటింగ్ ఉండాలి. ముందుకు, రెండు పక్కలకు చూపు బాగా ఆనాలి. యంత్రంలో రెండువైపులా కంట్రోల్స్ ఉండాలి. పరీక్ష రోజు ఎగ్జామినర్ పక్కన కూర్చుంటారు. విద్యార్థి చూపును అడ్డుకుంటూ, ఎగ్జామినర్ చూపుకు అడ్డురాని హుడ్‌ను విద్యార్థే తెచ్చుకోవాలి. నిర్దేశించిన ఎత్తు నుంచి 100 అడుగులు, దిశ నుంచి 10 డిగ్రీలు, వేగం నుంచి 10 నాట్లకు మించి తేడా రాకుండా నడపగలగాలి.

నన్ను కలవరపెట్టేది ఈ పద్ధతిలోని ఒక్క బలహీనత. హుడ్ కింద నుంచి నేల అంచు కాస్త కనిపిస్తుంది. ఎండ ప్యానెల్ మీద జరిగితే తిరుగుతున్నామని తెలిసిపోతుంది. నిజమైన మబ్బులో ఇవేవీ ఉండవు. లోపలి చెవి చెప్పేది అబద్ధమని తెలిసినా శరీరం దాన్నే నమ్ముతుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మంది విమాన పైలట్లను బయటి దృశ్యం కనిపించకుండా చేసి పరీక్షించింది. అదుపు తప్పడానికి సగటున పట్టిన సమయం 178 సెకన్లు. 2020 జనవరి 26న బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కోబీ బ్రయంట్ మరణించిన ప్రమాదంలో పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంది. అయినా మబ్బులో దిక్కు తోచక హెలికాప్టర్ కూలిందని దర్యాప్తు తేల్చింది. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి అప్పటి రక్షణ దళాల అధిపతి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మన చిత్తూరు జిల్లా వాసి లాన్స్ నాయక్ సాయితేజ కూడా అసువులు బాశారు. లోయలో అకస్మాత్తుగా మారిన వాతావరణం, మబ్బులు, పైలట్ దిక్కు కోల్పోవడమే కారణమని వైమానిక దళ విచారణ ప్రాథమికంగా చెప్పింది.

ఈ రేటింగ్‌కు ఉద్యోగ విలువ గట్టిదే. అమెరికాలో ఎయిర్ అంబులెన్స్ హెలికాప్టర్ నడిపే కమాండర్‌కు 2017 ఏప్రిల్ నుంచి ఇన్‌స్ట్రుమెంట్ అర్హత తప్పనిసరి. మన దేశంలో సముద్రంలోని చమురు రిగ్గులకు సిబ్బందిని చేరవేసే రెండింజిన్ల హెలికాప్టర్లపై కన్నేసినవారికీ ఇదే తొలి మెట్టు. అయితే ఎఫ్ఏఏ కాగితం ఉన్నంత మాత్రాన ఇక్కడ ఉద్యోగం రాదు. దాన్ని మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సుగా మార్చుకోవాలి, పరీక్షలు రాయాలి, క్లాస్-1 మెడికల్ ఉండాలి. విదేశీయులు అమెరికాలో ఈ శిక్షణ మొదలుపెట్టాలంటే అక్కడి భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి కూడా అవసరం.

ఫీజు కట్టే ముందు స్కూల్‌ను నిలదీసి అడగండి. వాళ్ల హెలికాప్టర్ ఫ్లైట్ మాన్యువల్‌లో, మబ్బుల్లో ఎగరడానికి ఆమోదం ఉందో లేదో తెలిపే లిమిటేషన్స్ పేజీ చూపించమనండి. సిమ్యులేటర్‌లో ఎన్ని గంటలు, హెలికాప్టర్‌లో ఎన్ని అని రాతపూర్వకంగా తీసుకోండి. మబ్బులోకి పొరపాటున వెళితే బయటపడే అభ్యాసం ఎన్నిసార్లు చేయిస్తారో కనుక్కోండి. శిక్షణలో హుడ్ కింద నుంచి దొంగచూపు చూడకండి. రేటింగ్ వచ్చాక కూడా, నిజమైన మబ్బుల్లో అనుభవమున్న కెప్టెన్ పక్కన కూర్చునే అవకాశం వచ్చేదాకా, వాతావరణం బాగా లేని రోజున ఎగరను అని చెప్పడం నేర్చుకోండి.