ఎలా ఉందని అడక్కే చెల్లీ!

చెల్లీ, నువ్వు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన తులిప్ ఫొటో చూశాను. కింద అత్తయ్య ‘సూపర్’, పిన్ని రెండు చేతుల దండం, బాబాయ్ ఓ గులాబీ బొమ్మ. పువ్వు ఫొటోకి మళ్లీ పువ్వు! వాళ్ల ప్రేమకేం లోటు లేదు గానీ, ఆ మెచ్చుకోలంతా నీకే, ఫొటోకి కాదు.

‘ఎలా ఉందక్కా?’ అని నన్నూ అడిగావు. అలా అడిగితే, పెళ్లిభోజనం గురించి అడిగినట్టే, ఎవరైనా బాగుందనే అంటారు. ‘ఫొటో తెరవగానే నీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?’ అని అడిగి చూడు. నా కన్నయితే పువ్వు మీద ఆగలేదే. వెనకాల ఢిల్లీ శాంతిపథ్ రోడ్డు మీద పోతున్న తెల్లకారు దగ్గరికి పోయింది. రెండడుగులు పక్కకి జరిగి కాస్త వంగుంటే, ఆ కారు చోట పచ్చటి ఆకులొచ్చేవి.

ఇంకోటి. ఆ ఎర్రపువ్వులో ఏ రేకు ఎక్కడ మొదలైందో తెలియట్లేదు, అంతా ఒకే ఎరుపు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ముదురెరుపు ఫోనుకి ఒక పట్టాన లొంగదు. తెరమీద పువ్వుని నొక్కితే పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుందే, దాన్ని కిందికి లాగు. కాస్త చీకటిగా కనిపించినా సరే, రేకుల మీది ఈనెలు నిలుస్తాయి. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మేలు.

ఎవరిని అడగాలంటావా? ముందు అక్కడి తోటమాలిని. నవ్వకు! న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్ (ఎన్‌డీఎంసీ) వాళ్లు నెదర్లాండ్స్ నుంచి దుంపలు తెప్పించి వేసే ఈ తులిప్‌లు చలికి ముడుచుకుంటాయి, వెచ్చబడితే విచ్చుకుంటాయి. ఏది ఎప్పుడు విచ్చుకుంటుందో రోజూ వాటి మధ్య తిరిగేవాళ్లకి తెలిసినట్టు మనకేం తెలుసు? ‘దీని పనైపోయింది దీదీ, ఆ పక్కది తియ్యండి’ అని ఆయన ఒక్కమాట అన్నాడంటే, ఫొటో తియ్యకముందే సలహా దొరికినట్టు.

ఆ తర్వాత, నీకు నోయిడా నుంచి మెట్రో బ్లూలైన్‌లో నేరుగా మండీ హౌస్. అక్కడ సుందరీ శ్రీధరాణి 1950లో మొదలుపెట్టిన త్రివేణీ కళా సంగమ్ ఉంది. ఓ.పి. శర్మగారు ఏళ్లతరబడి ఫొటోగ్రఫీ నేర్పిన చోటు. నీవి నాలుగు చిన్న ప్రింట్లు వేయించుకుని, నేర్చుకునేవాళ్లకి చూపించు. ఫోనులోవైతే మొహమాటానికి వేలితో తోసేసి పోతారు, చేతిలో కాగితం పెడితే ఆగి చూస్తారు. ఒకరు ఇంకా దగ్గరికెళ్లమంటారు, మరొకరు చుట్టూ చోటు వదలమంటారు. కంగారుపడకు. ఇద్దరూ ఒకే మూల మీద వేలు పెట్టారా, వాళ్ల సలహాలు రెండూ పక్కనపెట్టి ఆ మూలని మాత్రం మళ్లీ చూసుకో. ‘నచ్చలేదు’ అని ఊరుకునేవాళ్లని కారణం అడుగు. చెప్పలేకపోతే వదిలెయ్.

రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్‌కి మాత్రం ఇప్పుడే పరుగెత్తకు. (2023లో పేరు మారినా మన నోట్లో ఇంకా మొఘల్ గార్డెన్సే!) ఫోను తీసుకెళ్లనిస్తారు గానీ, ఆ జనంలో నిలబడి ఆలోచించుకోవడం ఎక్కడ కుదురుతుంది? దానికి బదులు, మార్చిలో రోడ్ల పక్కన బూరుగుపూలు రాలతాయి. ఒకటి ఏరుకొచ్చి కిటికీ దగ్గర పెట్టుకో. గాలికి ఊగదు, వెనక కారుండదు, ఎంతసేపైనా తీసుకోవచ్చు. మీ ఆయన్ని మాత్రం అడక్కు. పాపం, నువ్వు వంకాయని తీసినా ఆయనకి అద్భుతమే.