సముద్రతీరంలో గుడారం ఎక్కడ వేయాలి?

పిల్లలూ! మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ళలో ఏ కొండ ఎక్కి చూసినా సముద్రం కనిపించదు. మన నేల సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది. అయినా మన వాననీటికి సముద్రానికి పోయే దారి బాగా తెలుసు. మదనపల్లె దగ్గర పారే బాహుదా, పించాతో కలిసి చెయ్యేరు అవుతుంది. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు దాటి బంగాళాఖాతం చేరుతుంది. కుప్పం వైపు నీరు పాలారులో పడి, తమిళనాడు మీదుగా అదే బంగాళాఖాతానికి పోతుంది.

నీటికి దారి తెలిసినట్టే మీకూ ఒకనాడు సముద్రం చూడాలని ఉంటుంది. ప్రతి ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, జనం లేని చోట, సముద్రం పక్కనే గుడారం వేసుకుని ఒక రాత్రి పడుకుంటే ఎంత బాగుంటుంది!" నిజమే, బాగుంటుంది. కాని పక్కనే అంటే ఎంత పక్కన? ఈ ప్రశ్నకు జవాబు సైన్సులో ఉంది. దాన్ని నేను నా తప్పువల్ల నేర్చుకున్నాను.

పచ్చి ఇసుక చేసిన మోసం

ఉద్యోగంలో చేరిన కొత్తలో 20 మంది పిల్లలతో నెల్లూరు దగ్గర మైపాడు తీరానికి వెళ్ళాను. అది పౌర్ణమి రోజు. మేము చేరేసరికి మధ్యాహ్నం మూడు గంటలు. పైనున్న ఇసుకలో కాళ్ళు కూరుకుపోతున్నాయి. గుడారపు మేకు దింపితే నిలవడం లేదు. కింద, సముద్రం వైపు, ఇసుక చదునుగా, గట్టిగా, నున్నగా ఉంది. అలలు చాలా దూరంలో ఉన్నాయి. ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది అనుకుని అక్కడే గుడారాలు వేయించాను.

సాయంకాలం వలలు సర్దుకుంటున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి, "అయ్యోరూ, ఆ నేల మీది కాదు, సముద్రానిది. ఈ పూటకు వదిలిపెట్టింది, అంతే" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. రాత్రి ఎనిమిదిన్నరకు, మేము అన్నాలు తింటూ ఉండగా, మొదటి అల పొయ్యిని ఆర్పేసింది. ఒక చిన్న కుర్రవాడు ప్రయాణపు అలసటతో అప్పటికే గుడారంలో నిద్రపోయాడు. నీరు వాడి చాప కిందికి వచ్చింది. పరుగెత్తి వాణ్ణి ఎత్తుకు వచ్చాము. బియ్యం మూట, రెండు లాంతర్లు సముద్రం పాలయ్యాయి. పిల్లలందరూ క్షేమం. అది నా తెలివివల్ల కాదు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ఇసుక ఎందుకు గట్టిగా ఉంది? తడిగా ఉంది గనుక. ఇసుక రేణువుల మధ్య పలుచని నీటిపొర ఉంటే, నీటి తలతన్యత ఆ రేణువులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతుంది. పొడి ఇసుకతో పిచ్చుకగూడు నిలవదు, తడి ఇసుకతో నిలుస్తుంది. మరి ఆ తడి ఎక్కడిది? సముద్రం వచ్చి పోయినదే! ఏ గుణాన్ని చూసి నేను ఆ చోటును మెచ్చుకున్నానో, ఆ గుణమే "ఇక్కడికి నీరు వస్తుంది" అని చెబుతూ ఉంది. నేను దాన్ని చదవలేకపోయాను.

పోటు ఎప్పుడు వస్తుంది? ఎంత దూరం వస్తుంది?

చంద్రుడు, సూర్యుడు తమ ఆకర్షణతో సముద్రజలాన్ని లాగడంవల్ల ఆటుపోట్లు కలుగుతాయని చదువుకున్నారు. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక పోటుకు, తరువాతి పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే నీరు అన్నిటికన్నా తగ్గిన వేళనుంచి అన్నిటికన్నా పెరిగే వేళకు ఆరు గంటల పైచిలుకు. మేము మూడు గంటలకు చూసింది పాటు. తొమ్మిది గంటలకు పోటు రావడం లెక్క ప్రకారమే జరిగింది.

చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతూ ఉంటాడు గనుక పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ రాత్రి 9 గంటలకు వస్తే, రేపు రాత్రి 9 గంటల 50 నిమిషాలకు వస్తుంది. అమావాస్య, పౌర్ణములకు సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేస్తుంది. అప్పుడు పెద్ద పోటు. అష్టములకు చిన్న పోటు. కాబట్టి ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరులో తిథి చూసినా కొంత తెలిసిపోతుంది.

ఇక దూరం సంగతి. నెల్లూరు తీరంలో పెద్ద పోటుకు నీరు పెరిగేది సుమారు ఒక మీటరే. "ఒక మీటరేనా!" అనుకోకండి. తీరం వాలును లెక్కలోకి తీసుకోండి. ప్రతి 20 మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరిగే తీరమైతే, నీరు 20 మీటర్లు ముందుకు వస్తుంది. ప్రతి 50 మీటర్లకు ఒక మీటరే పెరిగే చదును తీరమైతే, 50 మీటర్లు వస్తుంది. పైగా ప్రతి అలా ఆ గీత దాటి ఇంకొంత పైకి పాకుతుంది. చదునైన తీరం చూడడానికి ఎంత అందమో, పడుకోవడానికి అంత ప్రమాదం.

తీరం రాసిపెట్టిన గీతలు

పంచాంగం లేకపోయినా తీరమే మనకు చెబుతుంది. నీటి అంచునుంచి పైకి నడవండి. నాచు, గవ్వలు, ఎండుపుల్లలు, నురుగు వరుసగా పడి ఉన్న ఒక గీత కనిపిస్తుంది. అది నిన్నటి, ఇవాళటి పోటు వదిలిన గుర్తు. అక్కడ ఆగకండి. ఇంకా పైకి వెళ్తే ఎండి, రంగు మారిన చెత్తతో మరో గీత ఉంటుంది. అది అంతకు ముందటి పెద్ద పోటుదో, తుపాను అలదో అయి ఉంటుంది. గుడారం ఆ రెండో గీతకు కూడా బాగా పైన ఉండాలి.

మొక్కలు అంతకన్నా నమ్మదగిన సాక్షులు. మేక డెక్కలాంటి ఆకులతో, ఊదారంగు పూలతో ఇసుకమీద పాకే బాలబండి తీగను, ముళ్ళబంతుల్లాంటి కంకులతో ఉండే రావణాసురుడి మీసాలను గుర్తుపట్టండి. రోజూ ఉప్పునీరు ముంచెత్తే చోట ఇవి పెరగలేవు. ఇవి దట్టంగా అల్లుకున్న దిబ్బ వెనుక చోటు మంచిది. కాని తీగలను పెరికి చోటు చేసుకోకండి. ఆ దిబ్బను పట్టి ఉంచేవి వాటి వేళ్ళే.

ఎడారి ద్వీపకల్పంలో

మెక్సికో దేశపు పడమటి అంచున బాహా కాలిఫోర్నియా అనే సన్నని ద్వీపకల్పం ఉంది. పొడవు 1,200 కిలోమీటర్లకు పైనే. ఒకవైపు పసిఫిక్ మహాసముద్రం, మరోవైపు కాలిఫోర్నియా సింధుశాఖ, మధ్యలో ఎడారి. 1973లో ఆ చివరనుంచి ఈ చివరకు రోడ్డు పూర్తయ్యాక, బండ్లలో ప్రయాణిస్తూ జనం లేని తీరాలలో గుడారాలు వేసుకునేవారు ఎక్కువయ్యారు.

అక్కడ సింధుశాఖ ఉత్తరపు కొసన పోటుకు, పాటుకు మధ్య తేడా ఐదు మీటర్లకు మించుతుంది. కారణం ఏమిటి? ఊయలను సరైన సమయానికి తోస్తే చిన్న తోపులకే పెద్దగా ఊగుతుంది గదా! ఆ పొడవైన, ఇరుకైన సింధుశాఖలో నీరు ఊగే సమయం పోటు వచ్చే సమయానికి దగ్గరగా ఉంది. అందుకే సముద్రపు చిన్న తోపులకు కొసన పెద్ద పోటు లేస్తుంది. మన లెక్క ప్రకారం, 50 మీటర్లకు ఒక మీటరు వాలున్న చోట, ఐదు మీటర్ల పోటు 250 మీటర్లు ముందుకు వస్తుంది. మైపాడులో నేను చేసిన తప్పు అక్కడ చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఎండిన వంకను నమ్మరాదు

ఎడారి తీరంలో మరో ఆకర్షణ ఎండిన వంక. నేల చదును, రెండు గట్ల చాటు, గాలి తగలదు. కాని దూరాన కొండల్లో వాన పడితే, మన నెత్తిన నక్షత్రాలు మెరుస్తుండగానే వంక పొంగి వస్తుంది. ఎండిన గట్టి నేల వాననీటిని త్వరగా పీల్చుకోలేదు. నీరంతా ఒకేసారి వంకలోకి దిగుతుంది.

రాయలసీమ పిల్లలకు ఇది వేరే చెప్పాలా? 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరద తాకిడికి తెగింది. దిగువనున్న ఊళ్ళు తెల్లవారేసరికి నీటిపాలయ్యాయి. ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే ఏరు అది. ఏరు ఎండిందంటే దారి మూసుకున్నట్టు కాదు, నీటికోసం దారి తెరిచి ఉన్నట్టు. కాబట్టి వంకలోనూ, నది సముద్రంలో కలిసే మొగ దగ్గరా గుడారం వేయకూడదు.

గాలి, నీరు, బండి

నీటి విశిష్టోష్ణం 1 కెలోరీ అయితే, పొడి ఇసుకది సుమారు 0.2 మాత్రమే. అందుకే పగలు ఇసుక త్వరగా కాగి, దాని మీది గాలి పైకి లేస్తుంది. సముద్రంనుంచి చల్లగాలి వస్తుంది. రాత్రి ఇసుక త్వరగా చల్లబడి గాలి ఎదురు తిరుగుతుంది. సాయంకాలం పొయ్యి గుడారానికి గాలివాటున దూరంగా ఉందని సరిపెట్టుకుంటే, అర్ధరాత్రికి నిప్పురవ్వలు గుడారం మీదికే రావచ్చు. పడుకునే ముందు పొయ్యిని నీటితో పూర్తిగా ఆర్పండి. పొడి ఇసుకలో మేకు నిలవదు గనుక, ఒక సంచిని ఇసుకతో నింపి, తాడు కట్టి, అడుగు లోతున పాతిపెట్టండి. మీద పడిన ఇసుక బరువే దాన్ని పట్టి ఉంచుతుంది.

తాగేనీరు సంగతి. వానలు పడే మన తీరంలో, దిబ్బల వెనుక చెలమ తవ్వితే మంచినీరు ఊరుతుంది. సముద్రం పక్కన తియ్యని నీరా! మంచినీటి సాంద్రత 1.000, సముద్రపు నీటిది సుమారు 1.025. తేలికైన మంచినీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతుంది. 41 మీటర్ల మంచినీటి స్తంభం, 40 మీటర్ల ఉప్పునీటి స్తంభంతో సరితూగుతుంది. అంటే సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే, కింద దాదాపు 40 మీటర్లు ఉంటుందన్నమాట. ఎక్కువగా తోడితే ఉప్పునీరు పైకి వస్తుంది. అందుకే మత్స్యకారులు చెలమను లోతుగా తవ్వరు. ఆ నీటినైనా మరిగించే తాగాలి. వానలే లేని ఎడారి తీరంలో చెలమను నమ్ముకోకూడదు. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున, 20 మందికి మూడు రోజులకు 240 లీటర్లు వెంట తీసుకుపోవలసిందే.

బండి ఇసుకలో ఎందుకు దిగబడుతుంది? పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. 2,000 కిలోల బండిలో ఒక్కో చక్రం మీద 500 కిలోలు పడతాయి. చక్రం 250 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకితే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 2 కిలోల బరువు. టైరులో గాలి తగ్గిస్తే అది పరుచుకుని 500 చదరపు సెంటీమీటర్లు తాకుతుంది. బరువు ఒక కిలోకు తగ్గుతుంది. ఒంటె వెడల్పాటి పాదంతో ఎడారిని దాటే రహస్యం ఇదే. గట్టి రోడ్డు చేరగానే మళ్ళీ గాలి నింపడం మరవకూడదు.

బయలుదేరే ముందు

అన్ని గీతలూ చదివినా, వాటిని దాటి వచ్చే సముద్రం కూడా ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు పదివేల మందిని బలి తీసుకుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఆంధ్ర తీరంలోనూ వందమందికి పైగా మరణించారు. ఇప్పుడు హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం పోటు వేళలు, పెద్ద అలలు, సునామీల గురించి ముందుగా తెలియజేస్తోంది. 2007 నుంచి దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే ఉంది. హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. తీరంలో ఉండగా నేల గట్టిగా కంపించినా, సముద్రం అకస్మాత్తుగా వెనక్కి పోయినా, సామాను వదిలి ఎత్తైన చోటికి పరుగెత్తండి.

ఇంకొక మాట. శీతాకాలంనుంచి వేసవి మొదటి వరకు సముద్రపు తాబేళ్ళు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ చోట దీపాలు వేయకండి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల, సముద్రం మీది వెలుగుకు బదులు మీ దీపాన్ని వెతుక్కుంటూ పోతుంది.

చేసి చూడండి

ఒక వెడల్పాటి పళ్ళెంలో ఇసుకను ఒకవైపు ఎత్తుగా, వాలుగా పరచండి. రెండో వైపు నెమ్మదిగా నీరు పోసి, అంచు వచ్చిన చోట పుల్ల గుచ్చండి. ఒక సెంటీమీటరు ఎత్తు పెరిగేలా మళ్ళీ నీరు పోయండి. అంచు ఎంత ముందుకు వచ్చింది? వాలును తగ్గించి మళ్ళీ కొలవండి.

ఇప్పుడు ఒక లెక్క: ప్రతి 40 మీటర్లకు ఒక మీటరు వాలున్న తీరంలో నీరు 1.2 మీటర్లు పెరిగితే, అంచు ఎంత దూరం వస్తుంది? 48 మీటర్లు అన్నవారికి నా మెప్పు. "అలలు పాకే దూరం కూడా కలపాలి సార్" అన్నవారితో మాత్రం నేను ఏ తీరానికైనా వస్తాను.

ఆ తరువాత మరోసారి పిల్లలతో అదే తీరానికి వెళ్ళాను. ఈసారి గుడారం వేయకముందే వలల దగ్గర కూర్చున్నవారిని అడిగాను. తీరాన్ని చదవడం వచ్చినవారిని ముందు అడగడం కూడా సైన్సే.