తాళంచెవిలో కొండల వరుస

ఒక తాళంచెవిని తెల్లకాగితం మీద అడ్డంగా, పళ్ళు పైకి ఉండేలా పెట్టండి. ఆ ఎగుడుదిగుడు అంచు వెనక పెన్సిల్‌తో సగం సూర్యుణ్ని గీయండి. కింద రెండు అలలు, ఒక పడవ. తాళంచెవి కాస్తా కొండల వరుస అయిపోతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా తిప్పి, గుండ్రటి భాగం పక్కన చెవులూ కోరమీసాలూ గీసి, పైన తలపాగా చుట్టండి. ఊరి పెద్దమనిషి ప్రత్యక్షమవుతాడు. వస్తువుని మనం ఇసుమంత కూడా మార్చలేదు, నాలుగు గీతలు చేర్చామంతే.

ఇది పిల్లల ఆటలా కనిపిస్తుంది కానీ, పెద్దవాళ్ళకే దీని అవసరం ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ మనకు వస్తువు కనిపించడం మానేసి, దాని పని మాత్రమే కనిపిస్తుంది. తాళంచెవి తలుపు తీయడానికి, చెంచా కలపడానికి. అంతకుమించి చూడం. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ డంకర్ ఈ సంగతిని ప్రయోగం చేసి మరీ చూపించాడు. కొవ్వొత్తులు, పిన్నులు, అగ్గిపుల్లలు చిన్న పెట్టెల్లో పెట్టి ఇచ్చి, కొవ్వొత్తుల్ని తలుపుకి నిలబెట్టమన్నాడు. పెట్టెల్ని ఖాళీ చేసి పిన్నులతో తలుపుకి బిగిస్తే అవే అరలవుతాయి. చాలామందికి అది తట్టలేదు. అవే పెట్టెల్ని ఖాళీగా ఇచ్చినప్పుడు మాత్రం తేలిగ్గా తట్టింది. ‘ఇది సామాను పెట్టుకునేది’ అన్న ముద్రే అడ్డుపడిందన్నమాట.

ఆ ముద్రని చెరపడానికి బొమ్మ గీయడం చక్కటి సాధన. జర్మనీకి చెందిన చిత్రకారుడు క్రిస్టఫ్ నీమన్ తన ‘సండే స్కెచ్‌’లలో చేసేది ఇదే. చేతికందిన వస్తువుని కాగితం మీద పెట్టి, చుట్టూ గీతలు గీస్తాడు. ఆయన చేతిలో సిరాబుడ్డి కెమెరా అయింది. రెండు అరటిపళ్ళు గుర్రం వెనక భాగమయ్యాయి. బెల్జియం సినీ దర్శకుడు విన్సెంట్ బాల్ అయితే వస్తువుని కూడా వదిలి దాని నీడని పట్టుకున్నాడు. 2016లో స్క్రిప్టు రాసుకుంటుండగా కాగితం మీద పడిన టీకప్పు నీడ ఆయనకు ఏనుగులా తోచింది. దానికి కొన్ని గీతలు చేర్చాడు. అప్పటినుంచి నీడల బొమ్మలే ఆయనకు కొత్త గుర్తింపు తెచ్చాయి. అలాంటి నీడ అందరి బల్లల మీదా పడుతుంది. ఆయన ఒక్క క్షణం ఆగి చూశాడు.

మీరూ మొదలుపెట్టండి. బొమ్మలు వేయడం వచ్చి ఉండనక్కర్లేదు, రోజుకి పది నిమిషాలు చాలు. పిన్నీసు, కత్తెర, ఎండుమిరపకాయ, వెల్లుల్లి రెబ్బ... ఏదైనా సరే. వెంటనే పెన్సిల్ పట్టకండి. ముందు నాలుగువైపులా తిప్పి చూడండి. కళ్ళు సగం మూస్తే వివరాలు మసకబారి ఆకారం తేలుతుంది. మొదట తట్టిన ఆలోచనని పక్కన పెట్టండి. కత్తెర చూడగానే అందరికీ కొంగముక్కే గుర్తొస్తుంది. మూడోదో నాలుగోదో మీ సొంతం. గీతలు తక్కువ వాడండి, వస్తువుని మాట్లాడనివ్వండి. కుదరలేదా? పాడైంది కాగితమే, వస్తువు భద్రంగానే ఉంది. ఇంకో కాగితం తీసుకోండి. తప్పు చేస్తానేమోనన్న భయం ఇక్కడే సగం వదులుతుంది.

ఈ చూపు అలవాటైనవాళ్ళు మనుషుల్ని కూడా ముద్రలతో కొలవరు. అల్లరివాడని అందరూ విసుక్కునే పిల్లవాడు పాడైన టార్చిలైటు విప్పి మళ్ళీ బిగించగలడని వాళ్ళు గమనిస్తారు. లెక్కలకే పరిమితమనుకున్న సహోద్యోగి కొత్తవాళ్ళకు ఎంత ఓపిగ్గా నేర్పుతున్నాడో చూస్తారు.

అన్నిటికన్నా గట్టి ముద్రలు మనమీద మనం వేసుకున్నవే. ‘నాకు నలుగురిలో మాట్లాడటం రాదు’ అనేవారికి ఎదుటివారి మాట చివరిదాకా వినే ఓర్పు ఉండొచ్చు. ప్రశ్నలు అడగడం నేర్చుకుంటే ఆ ఓర్పే వాళ్ళను మంచి టీచర్‌ని చేస్తుంది, మంచి నాయకుణ్ని చేస్తుంది. ఈ వారం వస్తువులతో సాధన చేయండి. వచ్చే వారం మీలో లోపమనుకుంటున్న ఒక గుణాన్ని కాగితం మధ్యలో రాయండి. ఏ నైపుణ్యం, ఏ సందర్భం తోడైతే అది బలమవుతుందో చుట్టూ రాసి, అందులో ఒకదాన్ని ఆ రోజే మొదలుపెట్టండి.