ప్రోటాను కిరణచికిత్స: తల్లిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులు

గత సంవత్సరము మన పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి తండ్రిగారు మమ్ము ప్రక్కకు పిలిచి, "తరమణిలో ప్రోటాను అను క్రొత్త వైద్యమున్నదట. క్యాన్సరు దానితో నయమగునట. దుకాణము తాకట్టుపెట్టియైనను మా అమ్మగారికి చేయింపవలెనా?" అని అడిగిరి. మేము వైద్యులము కాము. అప్పటికప్పుడు బదులు చెప్పజాలకపోతిమి. పిమ్మట తెలిసిన వైద్యులను అడిగియు, గ్రంథములు చూచియు గ్రహించిన సంగతులను ఇక్కడ వ్రాయుచున్నాము. ఆయన ప్రశ్నకు సమాధానము వ్యాసము నడుమ వచ్చును.

మన పెద్దలు రాచపుండు అని భయముతో పలికిన వ్యాధులలో పెక్కు ఈ జాతివే. దీనికి కత్తి, మందు, కిరణము అను మూడు మార్గములు గలవు. కిరణవైద్యము మన పేటకు క్రొత్త గాదు. రాంట్‌జెన్ పండితుడు 1895 లో ఎక్సు కిరణములను కనుగొనగా, మన ఇండ్లకు కూతవేటు దూరమున నున్న పెద్దాసుపత్రిలో 1934 నాటికే బార్నార్డు కిరణవైద్యశాల వెలసినది.

ఎక్సు కిరణములకును ప్రోటానులకును గల భేదము మన గోవిందప్ప నాయకుని వీధిలోని బట్టల దుకాణములో కూర్చుండియే తెలిసికొనవచ్చును. మడతపెట్టిన చీరలో అయిదవ మడతపై మాత్రము మచ్చ యున్నదనుకొందము. దబ్బనము గ్రుచ్చినచో పై మడతలకును రంధ్రము పడును, క్రింది మడతలకును పడును. ఎక్సు కిరణము అట్టిది. అది కణితికి ముందున్న మంచి కండరమును తాకి, కణితిని తాకి, ఆవలి ప్రక్కకు వెడలిపోవును. అందుచేతనే వైద్యులు నలుదిక్కులనుండియు కొంచెము కొంచెముగా కిరణమును పంపి, అన్నియు కలిసికొను చోట కణితి యుండునట్లు చూతురు. ఈ విద్య నేడు మిక్కిలి పదునెక్కినది. దానిని చులకన చేయరాదు.

ప్రోటాను దీపావళినాటి తారాజువ్వ వంటిది. త్రోవలో కొంత నిప్పు రాల్చుచు పోయి, తన బలము ముగియుచోట ఒక్కసారి ప్రేలును. అటుపై దాని జాడ దాదాపుగా ఉండదు. ఈ గుణమును మొదట రేడియమునుండి వెలువడు ఆల్ఫా కణములయందు కనుగొన్నది విలియం బ్రాగ్ అను శాస్త్రజ్ఞుడు. ఆస్ట్రేలియాలోని అడిలైడు నగరమున 1904 ప్రాంతమున పరిశోధించి ఆయన దీనిని వెల్లడించెను. దీనిని వైద్యమునకు వాడవచ్చునని 1946 లో వ్రాసినవాడు రాబర్టు విల్సన్. అంతకు ముందు ఆయన లాస్ అలమాసులో అణుబాంబు తయారీ పనిలో నుండినవాడు. చేసిన పనికి ప్రాయశ్చిత్తముగా వ్రాసెనేమో యని మాకు తోచును గాని, ఇది మా ఊహ మాత్రమే.

అమెరికాలోని బర్క్‌లీలో మొదటి రోగికి ప్రోటాను చికిత్స జరిగినది 1954 లో. అదే సంవత్సరము మన అడయారులో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారి పూనికతో క్యాన్సరు వైద్యశాల తెరువబడినది. తమ చెల్లెలు ఈ వ్యాధితో మరణించిన దుఃఖమే ఆమెను ఆ కార్యమునకు పురికొల్పినది.

ప్రోటాను అనగా ఉదజని పరమాణువు నడిమి కేంద్రకము. సైక్లోట్రాన్ అను వందల టన్నుల యంత్రము దానిని గుండ్రముగా త్రిప్పుచు, వెలుగు వేగములో నూటికి అరువది పాళ్లవరకు పరుగెత్తించును. అంతటి వేగము గల ప్రోటాను నీటిలో ముప్పది సెంటీమీటర్లకు పైగా చొరబడగలదు. వేగము తగ్గించినకొలది లోతు తగ్గును. ఆ విధముగా, స్త్రీలు వాకిట ముగ్గునకు చుక్కలు పెట్టినట్లు, కణితియందు పొరవెంట పొరగా చుక్కలు పెట్టుచు పోవుదురు. తరమణిలో అపోలోవారి కేంద్రమున 2019 నుండి ఈ చికిత్స జరుగుచున్నది. దక్షిణాసియాలో అదియే మొదటిది. దాని స్థాపకులు డాక్టరు ప్రతాప్ సి. రెడ్డిగారు చిత్తూరు జిల్లా అరగొండవారగుట మన తెలుగువారికి ముచ్చటైన సంగతి. ప్రభుత్వరంగమున టాటా స్మారక కేంద్రమువారు నవీ ముంబయి ఖార్ఘర్‌లో 2023 లో ప్రారంభించిరి.

ఇది ఎవరికి పనికివచ్చును? ముందుగా చిన్నపిల్లలకు. మెదడు వెనుక భాగమున పుట్టు మెడుల్లోబ్లాస్టోమా అను కణితికి తలతోపాటు వెన్నుపాము పొడవునను కిరణము పెట్టవలసి వచ్చును. ఎక్సు కిరణమైనచో వెన్ను దాటి గుండె, ఊపిరితిత్తులు, ప్రేగులు, మెడలోని థైరాయిడు గ్రంథి మొదలగువానిని తాకుచు ముందునుండి వెడలును. ప్రోటాను వెన్నుదగ్గర ఆగును. ఎనిమిదేండ్ల బాలునికి ఇంకను ఎన్నో యేండ్ల జీవితము ముందున్నది. నేడు అనవసరముగా తాకిన కిరణము పెరుగుదలను కుంటుపరచవచ్చును, ఎన్నో యేండ్లకు మరియొక క్యాన్సరునకు బీజము కావచ్చును. అందుచేత పిల్లల విషయమున దీనిని గూర్చి వైద్యుని తప్పక అడుగవలెను. కపాలము అడుగుభాగమునను, కంటిలోను పుట్టు కొన్ని కణితులకును, ఒకసారి కిరణము పెట్టిన చోటనే మరల పెట్టవలసిన వారికిని ఇది తగినది కావచ్చును.

ఇక ఎవరికి పనికిరాదు? వ్యాధి దేహమంతట వ్యాపించినవారికి దీనివలన సామాన్యముగా ప్రత్యేక లాభము లేదు. ఒక చోట గురిపెట్టు ఆయుధము, అంతట చల్లబడిన శత్రువును ఏమి చేయగలదు? పైన చెప్పిన తండ్రిగారి తల్లికి వ్యాధి అప్పటికే కాలేయమునకును ఎముకలకును ప్రాకియుండెను. మందులే శరణ్యమని ఆమె వైద్యులు చెప్పిరి. దుకాణము తాకట్టుపడలేదు. పురుషుల ప్రొస్టేటు క్యాన్సరులో ప్రోటానును, నేటి మేలైన ఎక్సు కిరణచికిత్సను పోల్చి, 450 మందితో జరిపిన ఒక పరీక్ష ఫలితములు 2024 లో అమెరికాలో వెలువడినవి. రెండును సమానముగానే పనిచేసినవి. ప్రేగుల బాధలోను భేదము కానరాలేదు. కాగా ఖరీదైనది గనుక మేలైనదనుట బంగారము కొనుగోలులో చెల్లునేమో గాని ఇక్కడ చెల్లదు.

ఖర్చు పలు లక్షలగును. ఎక్సు కిరణచికిత్సకంటె ఎన్నో రెట్లు. డబ్బు కూర్చుకొనుటకై నెలలు గడుపుచు, అందుబాటులోనున్న శస్త్రచికిత్సనో, మందునో ఆపుకొనుట ప్రమాదకరము. అడయారు సంస్థలోగాని పెద్దాసుపత్రిలోగాని ముందు చూపించి, "మా బిడ్డకు ప్రోటానువలన ఎక్సు కిరణముకంటె ఏ అవయవము కాపాడబడును? వేచియుండుటవలన నష్టమెంత?" అని సూటిగా అడుగుడు. మొదటి ప్రశ్నకు అవయవము పేరు చెప్పి బదులీయలేని సలహాదారుని మాట నమ్మి ఇల్లు అమ్ముకొనవలదు.

చికిత్స సామాన్యముగా వారమునకు అయిదు దినముల చొప్పున అయిదారు వారములు సాగును. కిరణము తగులునది కొద్ది నిమిషములే. తల కదలకుండ వలవంటి ముసుగు బిగించి సరిచూచుటకే ఎక్కువ కాలము పట్టును. పసిపిల్లలకు ప్రతిదినము మత్తుమందు ఈయవలసి యుండును గనుక ఆ దినములలో వైద్యులు చెప్పిన వేళవరకు ఆహారము పెట్టరాదు. సౌకార్‌పేటనుండి వెళ్లువారికి బీచి స్టేషనునుండి వేళచ్చేరి పోవు రైలు తరమణిలో నిలుచును.

చికిత్స ముగిసి బడికి మరలివచ్చిన బిడ్డకు జుట్టు రాలియుండవచ్చును, త్వరగా అలసట కలుగవచ్చును. తరగతిలో టోపీ పెట్టుకొననిండు. క్రిందటి యేడు ఒక తల్లి తన కుమారుని వేరొక బల్లకు మార్చుమని ఉపాధ్యాయినిని కోరినట్లు విన్నాము. క్యాన్సరు అంటువ్యాధి కాదు. వెలుపలి యంత్రమునుండి పెట్టిన కిరణము బిడ్డ దేహమున నిలిచి ఇతరులను తాకదు. ప్రక్కనే కూర్చుండి ఒకే డబ్బాలోని అన్నము పంచుకొని తినవచ్చును.