నంబరు పెద్దదైతే బండికి మేలనా, అమ్మీ?

బంకులో బండి ఆపగానే ఆ అబ్బాయి "నార్మలా, పవరా అక్కా?" అంటాడు చూడు, అక్కడ మనందరికీ ఒక చిన్న తడబాటు. వెనక నాలుగు బండ్లు హారను కొడుతుంటాయి. నార్మల్ అంటే పిసినారితనమేమో అనిపిస్తుంది, పవర్ అంటే పర్సు గుర్తొస్తుంది. రోజూ మనల్ని బడికీ, బ్యాంకుకీ, సచివాలయానికీ మోసుకెళ్లే బండి కదా, దానికి మంచిది పోయించకపోతే ఎట్లా అని ఒకపక్క, నెలాఖరు ఇంకోపక్క. ఈ గుంజాటన నీ ఒక్కదానిదే కాదు అమ్మీ. కర్నూలు సీ క్యాంపు టీచరమ్మకూ ఉంటుంది, కడప ఏడురోడ్ల దగ్గర కొట్టు నడుపుకునే అక్కకూ ఉంటుంది. టీ చల్లారేలోపు దీన్ని తేల్చేసుకుందాం, కూర్చో.

నీ మనసు కుదుటపడే మాట ముందే చెప్పేస్తా. మనం నడిపే 110, 125 సీసీ స్కూటర్లకు సాదా పెట్రోలు చాలు. నమ్మకం కుదరకపోతే బండి కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం తీసి చూడు. ఇంధనం అన్నచోట సాధారణంగా 91 ఆక్టేన్ అనో, అంతకు మించి అనో రాసుంటుంది. ఆ పుస్తకం బీరువాలో పట్టుచీరల కింద ఉంటే బయటికి తీయి, దాని చోటు అక్కడ కాదు.

ఆక్టేన్ అంటే బలమని మనం అనుకుంటాం. అది పెట్రోలుకున్న ఓర్పు. ఇంజినులో పిస్టన్ పైకొచ్చి పెట్రోలునూ గాలినీ కలిపి గట్టిగా నొక్కుతుంది. ప్లగ్గు నిప్పురవ్వ ఇచ్చేదాకా ఆ మిశ్రమం ఓపిక పట్టాలి. ఆ వేడికీ ఆ ఒత్తిడికీ తట్టుకోలేక ఏదో మూల తనంతట తానే అంటుకుందనుకో, లోపల టకటకమని కొట్టుకుంటుంది. దాన్నే మెకానిక్కులు నాకింగ్ అంటారు. నంబరు పెద్దదయ్యేకొద్దీ ఓర్పు పెరుగుతుంది, అంతే. ఎక్కువ ఒత్తిడితో నొక్కే పెద్ద ఇంజన్లకు ఆ ఓర్పు కావాలి. మన స్కూటరు అంత గట్టిగా నొక్కదు. అక్కర్లేని ఓర్పుకు డబ్బు కడితే మైలేజీ పెరగదు, పికప్పూ పెరగదు.

ఇండియన్ ఆయిల్‌లో ఎక్స్‌పీ95, హెచ్‌పీలో పవర్, భారత్‌లో స్పీడ్ అని రకరకాల పేర్లు. 2020 డిసెంబరు 1న ఇండియన్ ఆయిల్ వాళ్లు ఎక్స్‌పీ100 కూడా తెచ్చారు. అది ఖరీదైన కార్లకూ, పెద్ద బైకులకూ. వీటిల్లో ఇంజిను లోపల మసి పేరుకోకుండా కడిగే మందులు కలుపుతారు, ఆ మాట నిజమే, కాదనను. ఎప్పుడన్నా ఒక ట్యాంకు పోయించావనుకో, బండికి కీడేమీ లేదు. ప్రతిసారీ పోయిస్తేనే బండి బాగుంటుందన్న భయం ఒక్కటే వదిలెయ్.

ఇంకో సంగతి శానామందికి తెలియదు. మనం సాదా అని చిన్నచూపు చూసే పెట్రోలు ఇప్పుడు పాతది కాదు. ఒకప్పుడు 88 ఉన్న నంబరు 91 అయింది, 20 శాతం ఇథనాల్ కలిపాక 95కు చేరిందని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. అంటే మన బండి పుస్తకం అడిగినదానికంటే ఎక్కువే ఇప్పుడు మామూలు గొట్టంలో వస్తోంది. ఇంకా దేనికమ్మీ బెంగ?

పవర్ పెట్రోలుకు లీటరుకు ఎనిమిది రూపాయలు ఎక్కువనుకో. ఐదు లీటర్ల ట్యాంకుకు 40. నెలకు నాలుగుసార్లు నింపితే 160, ఏడాదికి 1,920. ఆ డబ్బు పక్కన పెట్టు. టైముకు ఇంజిన్ ఆయిల్ మార్పించు, ఎయిర్ ఫిల్టరు మార్పించు. మన దుమ్ము సంగతి మనకు తెలియదా? బేతంచెర్లలో పాలిష్ రాళ్ల పొడి, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ధూళి, ఎండకు పొడిబారిన మట్టిరోడ్లు. ఫిల్టరు మూసుకుపోయి ఊపిరాడని బండిలో ఏ నంబరు పెట్రోలు పోసినా ముక్కుతూ మూలుగుతూనే నడుస్తుంది. పుస్తకంలో చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగకు, మన వైపు కొంచెం ముందే చూపించుకోవాలి. టైర్లలో గాలి వారానికొకసారి పట్టించు. బంకులో గాలి ఉచితం, అడిగి పట్టించుకో, మొహమాటపడకు.

ఇక ఎండ, ఘాటు రోడ్డు. ఇక్కడ మాత్రం నువ్వు చెవులు రిక్కించాలి. మే నెలలో మన కర్నూలు, కడపల్లో 44 డిగ్రీలు కొత్తేమీ కాదు. ఆ ఎండలో మధ్యాహ్నం పూట కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాటు ఎక్కుతున్నావనుకో. వెనక ఒక మనిషి, ముందు కాళ్ల దగ్గర ఒక సంచి. బండి ముక్కుతుంది, నువ్వు యాక్సిలరేటరు ఇంకా తిప్పుతావు. సరిగ్గా అప్పుడే ఆ టకటక వినిపించొచ్చు. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాటులోనూ అంతే. వేడి పెరిగేకొద్దీ, బరువు పెరిగేకొద్దీ పెట్రోలు ఓర్పుకు పరీక్ష.

అట్లా వినిపిస్తే కంగారుపడకు. యాక్సిలరేటరు కాస్త వదులు, నిదానంగా పోనీ. అప్పటికీ తగ్గకపోతే రోడ్డు పక్కన వెడల్పుగా, మలుపు లేని చోట ఆపి, చెట్టు నీడ చూసుకుని పది నిమిషాలు ఇంజిను చల్లారనీ. ఘాటు పైన గువ్వలచెరువులో పాలకోవా ఎట్లాగూ కొంటాం కదా, బండికీ ఆ కాసేపు విశ్రాంతి. ఎప్పుడో ఒకసారి, బాగా ఎత్తులో మాత్రమే వస్తే పెద్ద విషయమేమీ లేదు. చదును రోడ్డు మీద, ఒంటరిగా పోతున్నప్పుడు కూడా వస్తోందంటే మాత్రం మెకానిక్ అన్నకు చూపించాలి. లోపల మసి పేరుకుని ఉండొచ్చు, ప్లగ్గు సరైనది కాకపోవచ్చు, మొన్న పోయించిన పెట్రోలే కల్తీది కావచ్చు. ఆ శబ్దాన్ని అణచడానికి నెలనెలా పవర్ పోయిస్తూ పోతే, జ్వరానికి మందు మింగుతూ పుండును వదిలేసినట్టే అవుతుంది.

కల్తీ అన్నాం కదా, ఇక్కడే మన ఆడవాళ్లం వెనక్కి తగ్గుతాం. అనుమానం వచ్చినా అడగం. ఎందుకులే గొడవ అనుకుంటాం. అడగడం గొడవ కాదు, అది మన హక్కు. బంకులో ఫిల్టర్ పేపరు అడుగు, ఊరికే ఇవ్వాలి. పైపు మూతి తుడిచి దాని మీద ఒక చుక్క పోయమను. మంచి పెట్రోలైతే రెండు నిమిషాల్లో ఆవిరైపోతుంది, మచ్చ మిగలదు. నల్లగా మరక నిలిచిందంటే అనుమానించాల్సిందే. కొలత మీద అనుమానమైతే ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర వాళ్ల దగ్గరే ఉంటుంది, దాంట్లో పట్టి చూపించమను. నవ్వుతూనే అడుగు, కానీ అడుగు. ఒకసారి అడిగితే రెండోసారి ఆ అబ్బాయే మీటరు సున్నా చూపించి మరీ మొదలుపెడతాడు.

పల్లెల్లో కొట్టు ముందు సీసాల్లో అమ్మే లూజు పెట్రోలు జోలికి మాత్రం పోవద్దు. దాంట్లో ఏం కలిసిందో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. కిరోసిన్ కలిస్తే ఓర్పు పడిపోతుంది, పొగ వస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది. బంకు దగ్గర్లో లేని ఊరికి పోస్టింగు పడిందా? అయితే ట్యాంకు సగానికి దిగకముందే బంకు చూసుకునే అలవాటు చేసుకో.

ఇథనాల్ అంటే ఈమధ్య అందరికీ గుబులు. చెరకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీసేది అది. మన కేసీ కాలువ కింద కూడా మొక్కజొన్న వేసే రైతులున్నారు కదా, అట్లాంటి పంటే. దాన్ని 20 శాతం కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో మొదలుపెట్టారు, ఇప్పుడు బంకులన్నిటా అదే. మైలేజీ కాస్త తగ్గే మాట నిజం. పాత లెక్కకు తయారైన ద్విచక్ర వాహనాలకు మూడు నాలుగు శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. 45 ఇచ్చే బండి 43 ఇస్తుందనుకో, బండి పాడైపోయిందని కుమిలిపోవద్దు. నీది 2023కు ముందు బండైతే సర్వీసింగులో పెట్రోలు పైపు, రబ్బరు వాషర్లు ఒకసారి చూడమని చెప్పు. శానా కిలోమీటర్లు తిరిగిన పాత బండ్లకు అవి మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే అంది. చిన్న ఖర్చే, భయపడేంత ఏమీ లేదు.

ఇథనాల్‌తో నిజంగా జాగ్రత్తపడాల్సింది నీళ్ల దగ్గర. అది నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకులోకి ఎక్కువ నీళ్లు చేరితే ఆ నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి, బండి స్టార్టే కాదు. కరువు సీమలో నీళ్లేంటి అక్కా అంటావేమో. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచింది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు తెగి చెయ్యేరు ఊళ్లకు ఊళ్లనే ఊడ్చింది. మనకు వానలు రావు, వస్తే అట్లా వస్తాయి. బండి నీళ్లలో మునిగితే సెల్ఫ్ నొక్కకు, కిక్ కొట్టకు. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి ట్యాంకు ఖాళీ చేయించి కడిగించు. సెలవులకు పుట్టింటికి పోయి నెలల తరబడి బండి పెట్టేసి వస్తే కూడా, మూత గట్టిగా ఉందో లేదో చూసి, నీడలో పెట్టి వెళ్లు.

ఎండాకాలంలో ట్యాంకు నింపితే పేలిపోతుందని ఫోన్లలో తిరిగే మెసేజీ నమ్మకు, అది అబద్ధమని ఇండియన్ ఆయిలే చెప్పింది. గొట్టం టక్కుమని ఆగిందాకా పోయించు, మూతి దాకా నింపమని బలవంతపెట్టొద్దు. తెల్లారుజామున పోయిస్తే పెట్రోలు ఎక్కువ వస్తుందన్న మాటా అంతే. బంకు ట్యాంకు భూమిలోపల ఉంటుంది, పైన ఎండ మండినా కింద వేడి పెద్దగా మారదు. పొద్దున్నే నిద్ర పాడుచేసుకోకు.

ఆదోని, ఆలూరు చెల్లెళ్లు ఒక మాట అడుగుతుంటారు, కర్ణాటకలో పోయిస్తే తప్పా అని. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి. అందుకే హద్దు దాటితే చౌక. సరుకులో తేడా లేదు, దేశమంతటా ఒకే బీఎస్ 6 ప్రమాణం. బళ్లారి చుట్టాలింటికి పోయినప్పుడు నింపుకునే రా, తప్పేముంది? కానీ దానికోసమే పనిగట్టుకుని పోవద్దు, మిగిలేది దారిలోనే కాలిపోతుంది. క్యానుల్లో పట్టుకుని ఇంటికి తేవడం అసలే వద్దు. వంటింట్లో పొయ్యి ఉంది, ఇంట్లో పిల్లలున్నారు.