డబుల్స్ ఆడి కోచ్ కావాలనుకుంటే

టెన్నిస్ ఆడే పిల్లలున్న ఇళ్లలో ఒక లెక్క తరచూ వినిపిస్తుంది. "ముందు సింగిల్స్‌లో చూద్దాం. అక్కడ నిలబడలేకపోతే డబుల్స్ ఉంది. అదీ కుదరకపోతే ఏదో ఒక అకాడమీలో కోచ్‌గా సెటిలైపోతాడు." ఒక్కో మెట్టూ కిందికి దిగే ఈ లెక్కలో తల్లిదండ్రుల ఆశంతా పై మెట్టు మీదే. డబుల్స్ అంటే ఓడినవాళ్లు ఆడేదని, కోచింగ్ అంటే ఆడలేనివాళ్లు చేసేదని పిల్లల మనసులో పదేళ్లకే నాటుకుపోతుంది. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. డబుల్స్ దానికదే ఒక విద్య, కోచింగ్ మరో విద్య. మొదటిది పదిహేనేళ్లు నడిస్తే రెండోది ముప్ఫై ఏళ్లు నడుస్తుంది. రెండో దానికి తయారీ మొదటిది ఆడుతుండగానే జరగాలి, ఆ తయారీలో చదువుది పెద్ద వాటా. చదువు మాన్పించి పిల్లల్ని పొద్దస్తమానం కోర్టులో నిలబెట్టే తల్లిదండ్రులు ఈ రెండు దారులనూ ఒకేసారి మూసేస్తున్నారు.

డబుల్స్ మిగిలిపోయినవాళ్ల ఆట అనే మాటకు జవాబు మన దేశంలోనే ఉంది. కొడగుకు చెందిన రోహన్ బోపన్న సింగిల్స్‌లో అందుకున్న అత్యుత్తమ ర్యాంకు 213. అదే మనిషి 2024లో మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, 43 ఏళ్ల వయసులో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. మణికట్టు గాయాలు వెంటాడాయి. డబుల్స్ మీద పూర్తిగా దృష్టి పెట్టాక 2015 ఏప్రిల్‌లో నంబర్ వన్ అయి, మార్టినా హింగిస్‌తో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ వరసగా గెలిచింది. నిన్న మొన్నటి సంగతి చూసినా, హైదరాబాద్ కుర్రాడు బొల్లిపల్లి రిత్విక్ చౌదరి 2024లో అర్జున్ కఢేతో కలిసి అల్మాటీలో పురుషుల ప్రొఫెషనల్ టూర్ (ఏటీపీ) డబుల్స్ టైటిల్ గెలిచాడు.

వీళ్లకు కలిసొచ్చింది అదృష్టం అనుకునేవాళ్లు ఒక్క డబుల్స్ పాయింట్‌ను దగ్గర నుంచి చూడాలి. సర్వ్ చేసేవాడు బంతిని నేలకు తడుతూ ఉంటాడు. నెట్ దగ్గర వంగి నిలబడ్డ పార్ట్‌నర్ చెయ్యి వీపు వెనక్కి పెట్టి వేళ్లతో సైగ చేస్తాడు. సర్వ్ ఏ పక్కకు పడాలో, తాను అడ్డంగా కదులుతాడో ఉన్నచోటే ఉంటాడో ఆ సైగలోనే తేలిపోతుంది. ఐ ఫార్మేషన్ అయితే మధ్య గీత దగ్గర దాదాపు గొంతుక్కూర్చుని, బంతి తల మీదుగా దాటిన క్షణంలో ముందే అనుకున్న పక్కకు దూకుతాడు. అవతల రిటర్న్ చేసేవాడికి ఉన్న మార్గాలు మూడో నాలుగో. నెట్ దగ్గరున్నవాడికి చిక్కకుండా కోర్టుకు అడ్డంగా, సర్వర్ కాళ్ల దగ్గర పడేలా కొట్టాలి, లేదా తెగించి పక్క గీత వెంట పంపాలి, లేదా లాబ్ ఎత్తాలి. బేస్‌లైన్ మీద నిలబడి గంటసేపు ర్యాలీ ఆడగలిగిన కుర్రాడికి ఇవేవీ వాటంతట అవి రావు. పైగా ఏటీపీ టోర్నీల్లో డబుల్స్‌కు డ్యూస్ దగ్గర ఒకే పాయింట్, మూడో సెట్‌కు బదులు పది పాయింట్ల టైబ్రేక్ వచ్చి చాలా ఏళ్లయింది. కోలుకునే వ్యవధి తక్కువ కాబట్టి ఇద్దరూ ఒకే ఆలోచనతో ఉండటం మరీ ముఖ్యం. అయినా మన అకాడమీల్లో పిల్లలకు డబుల్స్ నేర్పించే సమయం చాలా తక్కువ. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) జూనియర్ ర్యాంకింగ్‌లో డబుల్స్ పాయింట్లను నాలుగో వంతే లెక్కిస్తారు కాబట్టి తల్లిదండ్రులు కూడా అడగరు.

ఇది చదివి మా అబ్బాయిని పన్నెండేళ్లకే డబుల్స్ స్పెషలిస్టును చేస్తామని ఎవరైనా బయల్దేరితే, దయచేసి ఆగండి. ఈ ఆటలో డబ్బు పైనున్న కొద్దిమంది దగ్గరే ఉంది. 2024 వింబుల్డన్‌లో సింగిల్స్ మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకు 60,000 పౌండ్లు దక్కాయి. డబుల్స్ మొదటి రౌండ్‌లో ఓడిన జంటకు ఇద్దరికీ కలిపి 15,750. సింగిల్స్ విజేతకు 27 లక్షల పౌండ్లు, డబుల్స్ గెలిచిన జంటకు ఇద్దరికీ కలిపి ఆరున్నర లక్షలు. ఇది శిఖరం దగ్గరి లెక్క. అడుగున, ఎం15 అనే ఐటీఎఫ్ టోర్నీల్లో, వారమంతా ఆడి డబుల్స్ టైటిల్ గెలిచిన జంటకు వచ్చేది వెయ్యి డాలర్ల లోపే. దాన్ని ఇద్దరూ పంచుకోవాలి, పన్ను కోత పోవాలి. విమానం టికెట్, వీసా, ఆరేడు రాత్రుల హోటల్, రాకెట్ గటింగ్, తిండి లెక్కేస్తే గెలిచిన వారం కూడా చేతి చమురు వదిలే వారమే. ఓడిన వారం సంగతి చెప్పనక్కర్లేదు. పైగా డబుల్స్‌కు చోటు నిర్వాహకుల చేతుల్లో ఉంటుంది. 2025లో యూఎస్ ఓపెన్ తన మిక్స్‌డ్ డబుల్స్‌ను 16 జంటలకు కుదించి, ప్రధాన టోర్నీ మొదలవక ముందే రెండు రోజుల్లో ముగించి, సింగిల్స్ స్టార్లతో నింపింది. డబుల్స్ ఆడి బతికేవాళ్లలో చాలామందికి చోటే దొరకలేదు. ఆఖరికి గెలిచింది మాత్రం డబుల్స్ విద్య తెలిసిన సారా ఎరానీ, ఆండ్రియా వవస్సోరీ జంట. ఆ ఆట ఎంత ప్రత్యేకమో, దాని మీద ఆధారపడ్డ బతుకు ఎంత నిలకడలేనిదో ఆ రెండు రోజుల్లోనే బయటపడింది.

మరి ఇంత తెలిసీ తల్లిదండ్రులు ఎక్కడ చిక్కుకుంటున్నారంటే, "ఫుల్‌టైమ్" అనే మాట దగ్గర. పిల్ల అండర్-12లో రెండు టోర్నీలు గెలవగానే ఎవరో ఒకరు వచ్చి, ఇంక స్కూలుతో పని లేదంటారు. హాజరు ఒక చోట, ఆట మరో చోట. డమ్మీ అడ్మిషన్ లేదా ఓపెన్ స్కూల్. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు, మధ్యలో ఫిట్‌నెస్. ఏడాది ఫీజు ముందే కట్టించుకుంటారు, పర్సనల్ కోచింగ్‌కు గంటల చొప్పున వేరే. ఆ పైన విదేశీ "ఎక్స్‌పోజర్ ట్రిప్". ఎంట్రీలు తక్కువగా ఉండే దేశాలు వెతికి, నాలుగు పాయింట్ల కోసం పిల్లలను తిప్పుతారు. ఆ పాయింట్లతో ర్యాంకు పెరుగుతుంది, ఆట పెరగదు. ఊళ్లో స్థలం అమ్మి, పీఎఫ్ తీసి ఈ ఖర్చు పెట్టే కుటుంబాల్లో పిల్ల ప్రతి మ్యాచ్‌నీ అప్పు తీర్చడానికి ఆడుతుంది. పదమూడేళ్ల పిల్ల మీద మోపకూడని బరువు అది. ఓడి బయటికొచ్చిన బిడ్డతో కారులో ఇల్లు చేరేదాకా మాట్లాడని తండ్రులను, పార్కింగ్‌లోనే డబుల్ ఫాల్ట్‌ల లెక్క తీసే తల్లులను ఏ జూనియర్ టోర్నీ దగ్గరైనా చూడొచ్చు. దీన్ని క్రమశిక్షణ అనడానికి నేను ఒప్పుకోను. వైద్యపరంగానూ ఇది తప్పే. అమెరికాలో నీరూ జయంతి బృందం యువ క్రీడాకారుల మీద చేసిన పరిశోధనలో, వారానికి ఆడే గంటలు పిల్లల వయసు అంకెను మించినప్పుడు గాయాల ముప్పు పెరుగుతున్నట్టు తేలింది. పన్నెండేళ్ల పిల్లతో వారానికి ముప్ఫై ఆరు గంటలు శ్రమ చేయించే అకాడమీ ఆ హద్దుకు మూడు రెట్ల దూరంలో ఉంది. భుజం, నడుం, మణికట్టు పదిహేడేళ్లకే పాడైతే ఆటా ఉండదు, చదువూ ఉండదు.

"అలా పట్టుదలగా నెట్టకపోతే ఛాంపియన్లు ఎలా వస్తారు?" అన్న ప్రశ్న న్యాయమైనదే. సింగిల్స్‌లో ప్రపంచ స్థాయికి వెళ్లినవాళ్లలో చాలామంది చిన్నప్పుడే పూర్తిగా ఆటలోకి దిగినవాళ్లన్నది నిజం. కానీ వాళ్లనే చూసి లెక్క కట్టకూడదు. అదే పని చేసి పద్దెనిమిదేళ్లకు ఆగిపోయినవాళ్లు ఎవరి లెక్కలోనూ కనబడరు. డబుల్స్ విషయంలోనైతే ఆ తొందరకు ఆధారమే తక్కువ. ఇక్కడ ఆటగాళ్లు ఆలస్యంగా పండుతారు. కాళ్ల వేగం కొంత తగ్గినా చెయ్యి, చూపు, అంచనా ఆదుకుంటాయి. బోపన్న పురుషుల డబుల్స్‌లో తన తొలి గ్రాండ్‌స్లామ్ గెలిచింది నలభై దాటాకే. యూకీ భాంబ్రీ సింగిల్స్‌లో 83వ ర్యాంకు దాకా వెళ్లి, మోకాలి గాయాల తర్వాత డబుల్స్‌కు మారి, 2025లో మైకేల్ వీనస్‌తో కలిసి యూఎస్ ఓపెన్ సెమీఫైనల్ ఆడాడు. ఇరవై రెండేళ్లకు డిగ్రీ చేతిలో పెట్టుకుని డబుల్స్ మొదలుపెట్టినా సమయం మించిపోదు.

అందుకే నా మొగ్గు కాలేజీ టెన్నిస్ వైపు. ఇంజినీరింగ్ తర్వాత ఎంఎస్ కోసం అమెరికా పంపడానికి సిద్ధపడే మన కుటుంబాలు, అదే దేశంలో డిగ్రీ స్థాయిలోనే టెన్నిస్ ఆడుతూ చదివే దారి ఉందని పట్టించుకోవడం లేదు. అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ జట్టు పోటీ మూడు డబుల్స్ మ్యాచ్‌లతో మొదలవుతుంది. వాటిలో రెండు గెలిచిన జట్టుకు డబుల్స్ పాయింట్ దక్కుతుంది, తర్వాత ఆరు సింగిల్స్. ఆ ఒక్క పాయింట్‌తో తలరాతలు మారతాయి కాబట్టి కాలేజీ కోచ్‌లు డబుల్స్‌ను రోజూ సాధన చేయిస్తారు. స్టాన్‌ఫర్డ్ నుంచి బ్రయాన్ సోదరులు, ఇలినాయ్ నుంచి భారతీయ మూలాలున్న రాజీవ్ రామ్ అలా వచ్చినవాళ్లే. మన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయంలో చదువుకుని వచ్చి, 2014 ఆసియా క్రీడల్లో సానియాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో పురుషుల డబుల్స్ రజతం గెలిచాడు. ఇక్కడా జాగ్రత్తలున్నాయి. పూర్తి స్కాలర్‌షిప్ అందరికీ రాదు, సగమో పావో ఇచ్చి మిగతాది కట్టమనే కాలేజీలే ఎక్కువ. "సీటు గ్యారంటీ" అంటూ లక్షలు అడిగే ఏజెంటు దగ్గరికి వెళ్లేముందు ఆ కాలేజీ కోచ్‌కు మీ పిల్లే స్వయంగా మెయిల్ రాసి, ఆట వీడియో పంపాలి. ఇంటర్ అయ్యాక రెండేళ్లు ప్రొఫెషనల్ టూర్‌లో తిరిగి చూద్దామనుకుంటే కాలేజీ టెన్నిస్ ఆడే అర్హత దెబ్బతింటుంది. నిబంధనలు మారుతుంటాయి, దరఖాస్తు చేసే ఏడాది నియమాలే చూడాలి. ఇంటర్ మార్కులూ ఇంగ్లిషూ లేకుండా ఈ తలుపు తెరుచుకోదు. డమ్మీ అడ్మిషన్ చేసే అసలు నష్టం ఇదే.

ఇక కోచింగ్. ఆడలేనివాళ్ల వృత్తి అనే మాట టెన్నిస్ చరిత్ర ముందు నిలవదు. పాల్ అనకోన్ 1985లో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు, వెన్ను గాయంతో ఆట ఆగింది, తర్వాత పీట్ సంప్రాస్‌కూ రోజర్ ఫెదరర్‌కూ కోచ్ అయ్యాడు. డారెన్ కాహిల్ పదమూడు డబుల్స్ టైటిళ్లు గెలిచి, మోకాలి వల్ల ఆట వదిలి, హ్యూయిట్, అగస్సీ, హాలెప్, సిన్నర్‌లతో పనిచేశాడు. సింగిల్స్‌లో పెద్దగా పేరు లేని డేవిడ్ మెక్‌ఫర్సన్ బ్రయాన్ సోదరులను ఏళ్ల తరబడి నడిపించాడు. డబుల్స్ ఆటగాడికి కోచింగ్‌లో ఒక మేలుంది. పక్కవాడి ఆట చదవడం, వాడి మూడ్ కనిపెట్టడం, రెండు పాయింట్ల మధ్య ఇరవై అయిదు సెకన్లలో పనికొచ్చే ఒక్క మాట చెప్పడం అతనికి రోజువారీ పని. 2025 నుంచి మ్యాచ్ మధ్యలో కోర్టు బయటి నుంచి కోచ్ సలహా ఇవ్వడాన్ని నియమాలే అనుమతిస్తున్నాయి కాబట్టి ఆ నేర్పుకు విలువ పెరిగింది.

అయితే బాగా ఆడినంత మాత్రాన నేర్పడం రాదు. బ్రిటన్ డబుల్స్ ఆటగాళ్లను ప్రపంచస్థాయికి తీర్చిన లూయీ కేయె స్వయంగా టూర్ స్టార్ కాదు. అతని బలం పరిశీలన, బోధన. ఎనిమిదేళ్ల పిల్లకు సర్వ్ నేర్పడం వేరు, ఇరవై ఏళ్ల ఆటగాడి సర్వ్‌లో లోపం దిద్దడం వేరు. శరీర నిర్మాణం, ఎదుగుదల, గాయాలు, మనస్తత్వం, వీడియో విశ్లేషణ, వాళ్ల భాషలో వాళ్లకు చెప్పగలిగే నేర్పు, ఇవన్నీ చదివి సాధించాల్సినవే. అర్హతల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, ఐటీఎఫ్ పద్ధతిలో అఖిల భారత టెన్నిస్ సంఘం నిర్వహించే లెవెల్ కోర్సులు, జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) కోచింగ్ డిప్లొమా ముఖ్యం. ఆ డిప్లొమాలో టెన్నిస్ విభాగం ఏ ఏడాది ఎక్కడుందో ప్రకటనలో చూసుకోవాలి. ప్రభుత్వ కోచ్ ఉద్యోగాలకు సర్టిఫికెట్‌తో పాటు డిగ్రీ కూడా అడగొచ్చు. డిగ్రీ లేకుండా కోర్టులో పెరిగిన కుర్రాడు చాలాచోట్ల బుట్టలోంచి బంతులు ఫీడ్ చేసే పని దగ్గరే ఆగిపోతాడు. ఏళ్లు గడిచినా క్లబ్బుల్లో అతన్ని మార్కర్ అనే పిలుస్తారు.

ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్లకు డబుల్స్ ర్యాంకు వందల్లో ఆగిపోయి, ఇంట్లో అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక నలుగుతున్న ఆటగాళ్లకు నా సూచన సూటిగా ఉంటుంది. ఇంకో రెండేళ్ల ఖర్చుకు అప్పు చేయొద్దు. ఆట మానేయొద్దు కూడా. ఏడాదిలో ఆడే విదేశీ టోర్నీలను సగానికి తగ్గించి, మిగిలిన నెలల్లో మొదటి లెవెల్ కోచింగ్ కోర్సు పూర్తి చేసి, ఒక మంచి కోచ్ కింద పిల్లల బ్యాచ్ తీసుకోండి. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది. టూర్ మీద తిరిగే కోచ్‌కు వారం జీతం, ప్రయాణ ఖర్చులు, గెలుపులో వాటా ఉంటాయి కానీ ఆ అవకాశం వెంటనే రాదు. అకాడమీలు విజయవాడ, విశాఖ, వరంగల్ దాకా విస్తరిస్తున్న ఈ రోజుల్లో డబుల్స్ నేర్పగల మనిషి కోసం వెతుకులాట పెరుగుతుంది. అమ్మాయిలకు మరీ ఎక్కువ అవకాశం ఉంది. ఆడపిల్లలను ఒంటరిగా శిక్షణకు పంపడానికి జంకే తల్లిదండ్రులు మహిళా కోచ్ ఉందా అని ముందుగా అడుగుతారు, ఉండేది అరుదు. మాజీ క్రీడాకారిణి అంకితా భాంబ్రీ భారత ఫెడ్ కప్ జట్టుకు కోచ్‌గా పనిచేసింది. "పద్దెనిమిదేళ్లు వచ్చాయి, ఆట చాలు" అని ఇంట్లో ఆపేసిన అమ్మాయిల్లో అలాంటివాళ్లు ఎందరుండేవారో. ఆ పద్దెనిమిదో ఏడు దాటిన కూతురు డిగ్రీ చదువుతూ సాయంత్రాలు పిల్లల బ్యాచ్‌కు నేర్పుతానంటే, ఫీజు కట్టి ఆ మొదటి లెవెల్ కోచింగ్ కోర్సులో చేర్పించండి.