పశువుల చర్మముపై లేచు గడ్డలలో అపాయకరమైనవానిని గుర్తించుట

ఎద్దు మెడపై గాని దూడ ముఖముపై గాని గడ్డ కనబడినంతనే వాత పెట్టించుట పల్లెలలో పాత వాడుక. వాతవలన నే గడ్డయు కుదురదు. పశువునకు పుండు మాత్రము మిగులును. గడ్డలలో కొన్ని వానియంతట నవియే పోవును, కొన్ని మందకంతయు ముప్పు తెచ్చును. ఈ భేదము నెరుగుటకు రైతునకు చేయియు చూపును చాలును.

రెండేండ్లలోపు దూడల తలమీదను మెడమీదను లేచునవి తరచుగా పులిపిరులు. ఇవి చర్మముపైకి పొడుచుకొనివచ్చి, గోబిపువ్వువలె గరుకుగా నుండును. దూడకు జ్వరముండదు, మేత మానదు. కొన్ని నెలలలో నివి రాలిపోవును. కాడి రాపిడిచే మూపున లేచిన గడ్డ ఆ యొక్క చోటనే యుండును. కొత్తదైనచో ఎద్దును కాడికి కట్టక విశ్రాంతి నిచ్చిన తగ్గును. పురుగు కుట్టుటచే గాని, పడని మేతచే గాని కలుగు దద్దుర్లు ఒక్కపూటలో లేచి, మెత్తగా నుండి, ఒకటిరెండు దినములలో అణగును.

ముద్దచర్మ వ్యాధి యిట్టిది కాదు. 1929లో ఉత్తర రొడీషియాలో, అనగా నేటి జాంబియాలో, మొదట గుర్తింపబడిన యీ వ్యాధి 2019లో ఒడిశాలో కనబడెను. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో ఆవులను విస్తారముగా చంపెను. ఇందు ముందుగా జ్వరము వచ్చును. ఆరోగ్యముగల పశువునకు వేడి సుమారు 101.5 డిగ్రీలుండగా నిది 104 మొదలు 106 వరకు పోవును. కంటను ముక్కునను నీరు కారును, పాలు తగ్గును, జబ్బ ముందరి బిళ్ల వాచును. పిమ్మట ఒడలెల్ల గుండ్రని గట్టి గడ్డలు, రెండు మొదలు అయిదు సెంటీమీటర్లవి, లేచును. చర్మమును వ్రేళ్ల నడుమ పట్టి చూచిన, గడ్డ పైన నతుకుకొనినట్లు గాక చర్మపు మందమంతట నున్నట్లు తెలియును. గడ్డలు నాలుగైదే యున్నవని యుపేక్షింపరాదు. జ్వరముతో గూడిన గడ్డ యొక్కటియైనను అనుమానింపదగినదే.

అట్టి పశువును వెంటనే వేరుచేసి పశువైద్యునకు తెలుపవలెను, సంతకు తోలరాదు. కొట్టెడు ఈగలు, దోమలు, పిడుదులు వ్యాధిని మోయును గనుక కొట్టములో సాయంకాలము వేపాకు పొగ వేయుటయు, పేడను దూరముగా నుంచుటయు మంచిది. ఆరోగ్యముగా నున్న పశువులకు ముందే టీకా వేయింపవలెను; మేకల మశూచి టీకాయు నిందులకు వాడబడుచున్నది. సూదిని పశువుపశువునకు మార్పించుకొనవలెను. ఇది మనుష్యుల కంటదు. పాలు కాచి త్రాగవచ్చును.

వానకారు తొలకరిలో పుష్టిగల పడుచుపశువు కుంటుచు, తొడయో జబ్బయో వాచినచో, దెబ్బ తగిలినదని తలంచి కాపడము పెట్టుచు గూర్చుండరాదు. వాపును నొక్కినపుడు చిటచిటలాడినచో అది జబ్బవాపు. ఒకటిరెండు దినములలోనే ప్రాణము తీయును. వైద్యునికై ఆ గంటనే మనిషిని పంపవలెను. చచ్చినచో కళేబరమును కోయక, తోలు తీయక, లోతుగా గొయ్యి తీసి సున్నము చల్లి పూడ్చవలెను.